ఎక్సెల్‌లో ఫార్ములా తప్పులు పట్టే టూల్స్: ఎనుమాముల మిర్చి లెక్కల మీద వాడి చూశాక

ఫ్రిజ్‌కీ మిక్సీకీ రివ్యూలు రాస్తాం కానీ పొద్దస్తమానం కళ్ల ముందుండే ఎక్సెల్‌కు ఎవరూ రాయరు. నేను కూడా మొత్తం ఎక్సెల్ గురించి రాయడం లేదు. ఫార్ములాస్ ట్యాబ్ నొక్కితే కుడివైపు ‘ఫార్ములా ఆడిటింగ్’ అని ఒక మూల ఉంటుంది. చాలామంది అటువైపు వెళ్లనే వెళ్లరు. జవాబు తేడా కొడితే కాలిక్యులేటర్ తీసి మళ్లీ మొదటి నుంచి కొట్టుకుంటారు. ఆ మూలలో ఉన్న బటన్లు, వాటికి తోడు ఇంకెక్కడెక్కడో దాగి ఉన్న కొన్ని సౌకర్యాలు నిజంగా తప్పును పట్టిస్తాయా, ఏది పనికొస్తుంది, ఏది చూపుకే బాగుంటుంది అన్నదే ఈ రివ్యూ.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో కొన్ని అడ్తి దుకాణాలకు, అంటే రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణాలకు, లెక్కలు చూస్తాను. ఒకచోట ఎక్సెల్ 2016, ఇంకోచోట 2021, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్. పత్తి లెక్కలు కూడా ఉంటాయి కానీ అసలు పరీక్ష మిర్చి సీజన్‌లోనే. పొద్దున జెండా పాట, అంటే వేలం, అవుతుంది, ధరలు ఖాయమవుతాయి, కాంటాలు మొదలవుతాయి, రైతు ఊరికి పోయేలోపు చేతిలో తక్‌పట్టీ, అంటే సరుకు లెక్క చీటీ, పెట్టాలి. ఒక్క లాట్‌కే బస్తాలు, తూకం, తరుగు, క్వింటా ధర, హమాలీ, దడువాయి (తూకం వేసే మనిషి) కూలి, కమీషన్, ముందు తీసుకున్న అడ్వాన్సు, దాని మీద వడ్డీ, ఇన్ని కాలమ్‌లు. ఏ ఒక్కటి తప్పినా అడిగే మనిషి ఎదురుగానే నిలబడి ఉంటాడు.

ఫార్ములా తప్పితే ఎక్సెల్ రెండు రకాలుగా నడుచుకుంటుంది. సెల్‌లో #వాల్యూ, #ఎన్/ఏ, #రెఫ్ అని పడితే అది మంచి తప్పు. కనీసం అరుస్తుంది. అరవకుండా, చక్కగా కామాలతో, రూపాయి గుర్తుతో, చూడ్డానికి నమ్మబుద్ధేసే అంకె ఒకటి చూపిస్తుందే, అదీ ప్రమాదం. నేను ఈ టూల్స్‌కు మార్కులు వేసింది ఈ రెండో రకం తప్పును బట్టి. మొదటి రకాన్ని పట్టడానికి టూల్ అక్కర్లేదు.

ఆకుపచ్చ త్రికోణం

సెల్ ఎడమ పై మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం, ఇక్కడ ఏదో తేడా ఉందేమో చూడు అని ఎక్సెల్ పెట్టే గుర్తు. ఇది ఎక్సెల్ 2002 నుంచీ ఉంది. అందరూ దీన్ని మచ్చలా చూస్తారు. షీటు నీట్‌గా కనపడాలని ఆప్షన్స్‌లోకి వెళ్లి మొత్తానికే ఆపేసినవాళ్లు నాకు తెలుసు. నా దృష్టిలో మొత్తం ఎక్సెల్‌లో అతి తక్కువ గౌరవం దక్కిన సౌకర్యం ఇదే.

ఒక దుకాణంలో తూకం షీటు వేరే అబ్బాయి నింపుతాడు. ఒక రైతు 12 బస్తాల లాట్ తెచ్చాడు. తక్‌పట్టీ చేతికివ్వగానే చూసి, “ఏంది బిడ్డా, నా చీటీల ఇంకా ఎక్కువున్నది కద?” అన్నాడు. ఆయన తన సిగరెట్ పెట్టె అట్ట మీద ప్రతి బస్తా తూకం రాసుకున్నాడు. తేడా 126.4 కిలోలు. క్వింటా 18,000 చొప్పున అది రూ.22,752. షీటులో 12 తూకాలూ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. కింద సమ్ ఫార్ములా కూడా సరిగ్గా పై నుంచి కింది దాకా ఉంది. అయినా మొత్తం తక్కువ.

41.8, 42.4, 42.2. ఈ మూడు సెల్స్ అంకెలు కావు, అక్షరాలు. చూడ్డానికి అంకెలే కానీ ఎక్సెల్ లోపల టెక్స్ట్‌గా దాచుకుంది. సమ్‌కు ఒక రేంజ్ ఇస్తే అందులో ఉన్న టెక్స్ట్‌ను అది చప్పుడు చేయకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఆ మూడు సెల్స్‌కు పై నుంచి టెక్స్ట్ ఫార్మాట్ అంటుకుని ఉంది, ఎప్పుడో లాట్ నంబర్ల కోసం ఎవరో పెట్టింది. అంకె అయితే సెల్‌లో కుడివైపు, టెక్స్ట్ అయితే ఎడమవైపు నిలబడుతుంది కాబట్టి మామూలుగా కంటితోనే పట్టేయొచ్చు. కానీ అందం కోసం కాలమ్ మొత్తం సెంటర్ చేసి పెట్టారు. ఆ ఆధారం పోయింది. త్రికోణాలూ లేవు, ఎందుకంటే ఆ కంప్యూటర్‌లో అవి ఆపేసి ఉన్నాయి. మళ్లీ ఆన్ చేస్తే మూడు చోట్లా టక్కున వెలిగాయి.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే ఇంకో గమ్మత్తు ఉంది. సెల్ ఫార్మాట్‌ను టెక్స్ట్ నుంచి నంబర్‌కు మారిస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. లోపల ఉన్నది మారదు, మళ్లీ ఎంటర్ కొడితే తప్ప. త్రికోణం పక్కన వచ్చే పసుపు గుర్తు నొక్కి ‘కన్వర్ట్ టు నంబర్’ అంటే ఒకేసారి అన్నీ మారతాయి. లేదంటే డేటా ట్యాబ్‌లో ‘టెక్స్ట్ టు కాలమ్స్’ తెరిచి ఏమీ మార్చకుండా ఫినిష్ నొక్కినా పని అయిపోతుంది.

అయితే త్రికోణానికి కూడా ఒక గుడ్డి మచ్చ ఉంది. వెబ్ పేజీ నుంచి ధరలు కాపీ చేసి అతికిస్తే అంకె వెనకాల ఒక కనపడని స్పేస్ వస్తుంది. మనం స్పేస్‌బార్ కొడితే పడే స్పేస్ కాదు, వెబ్ పేజీల్లో వాడే వేరే రకం, కోడ్ 160. దాన్ని ఎక్సెల్ అంకెగా గుర్తించదు కాబట్టి ‘ఇది టెక్స్ట్‌గా ఉన్న అంకె’ అని త్రికోణం కూడా వేయదు. అదనపు స్పేస్‌లు తీసే ట్రిమ్ ఫంక్షన్ కూడా దాన్ని తీయదు. అనుమానం వస్తే పక్క సెల్‌లో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పెట్టి చూడండి. 41.8కి 4 రావాలి, 5 వచ్చిందంటే వెనక ఒకడు దాక్కున్నాడని అర్థం. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో క్యార్ 160 ఇచ్చి దాన్ని తీసేసి, మొత్తాన్ని వాల్యూ ఫంక్షన్‌లో పెడితే నికరమైన అంకె మిగులుతుంది. ఇంకో తేలిక పరీక్ష: సమ్ బదులు రెండు సెల్స్‌ను ప్లస్ గుర్తుతో కలపండి. ఇలాంటి స్పేస్ దాగిన సెల్‌ను సమ్ మింగి ఊరుకున్నా, ప్లస్ #వాల్యూ అని కేక వేస్తుంది.

కింది పట్టీ

ఇది ఆడిటింగ్ గ్రూపులో లేదు కానీ నేను రోజూ వాడేది ఇదే. కాలమ్ సెలెక్ట్ చేస్తే కింద స్టేటస్ బార్‌లో సమ్, యావరేజ్, కౌంట్ కనిపిస్తాయి కదా. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూమరికల్ కౌంట్’ కూడా టిక్ పెట్టుకోండి. కౌంట్ అంటే ఖాళీ కాని సెల్స్, న్యూమరికల్ కౌంట్ అంటే నిజంగా అంకెలున్న సెల్స్. పైన చెప్పిన లాట్‌లో కౌంట్ 12, న్యూమరికల్ కౌంట్ 9. అంతే, సంగతి అక్కడే తేలిపోయింది. ఇది డిఫాల్ట్‌గా ఎందుకు ఆన్ చేసి పెట్టరో నాకు ఎంతకీ అర్థం కాదు.

ఎవాల్యుయేట్ ఫార్ములా

ఆడిటింగ్ గ్రూపుకు హీరో ఇదే అని అందరూ చెబుతారు. సెల్ మీద నిలబడి దీన్ని నొక్కితే చిన్న విండో వస్తుంది. ఫార్ములాలో ముందు లెక్కకట్టే ముక్క కింద గీత ఉంటుంది. ‘ఎవాల్యుయేట్’ నొక్కిన కొద్దీ ఒక్కో ముక్కా అంకెగా మారుతూ చివరికి జవాబు వస్తుంది. బ్రాకెట్ల తప్పులకు దీన్ని మించింది లేదు.

చేతికొచ్చే మొత్తం లెక్క చూడండి. 410 కిలోల నికర తూకం, క్వింటా 18,000, అంటే 73,800. ఇందులోంచి హమాలీ 240, దడువాయి కూలి 150 పోవాలి. 73,410 రావాలి. షీటులో 73,710 వచ్చింది. ఎవరో ‘ఎఫ్2 మైనస్ జి2 ప్లస్ హెచ్2’ అని రాశారు. బ్రాకెట్ లేదు, రెండోది తీసేయాల్సింది పోయి కలిసింది. ఎవాల్యుయేట్‌లో నాలుగో నొక్కుకు 73,560 ప్లస్ 150 అని కళ్ల ముందు నిలుస్తుంది. సేటు లాభం లెక్క ఎందుకు తగ్గిందో సీజన్ మధ్యలో తెలిసింది.

కానీ ఈ హీరోకు పరిధి ఉంది. ఫంక్షన్ లోపలికి అది చూడదు. జాబితాలో వెతికి తెచ్చే వి-లుకప్ ఫంక్షన్ విషయంలో ఇది బాగా తెలుస్తుంది. రైతుల జాబితాలో ప్రతివారికీ ఒక కోడ్, కోడ్ కొడితే పేరు, బ్యాంకు ఖాతా రావాలి. ఒక దుకాణంలో 118 కొడితే ఎవరిదో పేరు వచ్చింది. 118 రైతు కొత్తవాడు, జాబితాలో ఇంకా ఎక్కించలేదు. రావాల్సింది #ఎన్/ఏ. వచ్చింది 117వ నంబరు ఆయన పేరు, ఆయన ఖాతా. కారణం: వి-లుకప్‌లో నాలుగో మాట రాయలేదు. అది రాయకపోతే ‘దగ్గరిది ఏదైనా ఇవ్వు’ అని ఎక్సెల్ అనుకుంటుంది, లేని కోడ్‌కు దానికంటే చిన్నదాంట్లో పెద్దది తెచ్చి ఇస్తుంది. నాలుగో మాటగా ఫాల్స్ లేదా సున్నా పెడితేనే ఖచ్చితంగా అదే కోడ్ వెతుకుతుంది. జాబితా కోడ్ వరుసలో లేకపోతే ఇంకా ఘోరం, జాబితాలో ఉన్న కోడ్‌కు కూడా వేరే పేరు రావచ్చు.

ఎవాల్యుయేట్ నొక్కితే ఏం చూపించింది? సెల్ స్థానంలో 118 పెట్టింది, తర్వాతి నొక్కుకు నేరుగా 117 ఆయన పేరు. మధ్యలో ఏం జరిగిందో మాట లేదు, హెచ్చరిక లేదు. డబ్బు ఇంకొకరి ఖాతాకు పోయే తప్పును ఆడిటింగ్ గ్రూపులో ఏ బటనూ పట్టలేదు. 2021 ఉన్న దుకాణంలో నేను ఎక్స్-లుకప్‌కు మార్చేశాను. అది మొదటి నుంచీ ఖచ్చితమైనదే వెతుకుతుంది. 2016లో అది లేదు, అక్కడ ఆ చివరి సున్నాను ప్రతి ఫార్ములాలో చూసుకోవాల్సిందే. ఈ విషయంలో గూగుల్ షీట్స్ వి-లుకప్‌దీ ఇదే గుణం, అక్కడికి మారితే బాధ తీరుతుందనుకోకండి.

విండో గురించి ఒక ఫిర్యాదు: పొడుగు ఫార్ములాకు అది మరీ ఇరుకు. పొడుగు ఫార్ములాలకు నేను ఇది వదిలేసి ఫార్ములా బార్‌లోనే పని కానిస్తాను. అనుమానం ఉన్న ముక్కను మౌస్‌తో సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే ఆ ముక్క జవాబు అక్కడికక్కడే కనిపిస్తుంది. చూశాక ఎస్కేప్ నొక్కాలి. ఎంటర్ నొక్కితే ఆ ముక్క ఫార్ములా పోయి అంకె శాశ్వతంగా కూర్చుంటుంది, రేపు ధర మారినా అది మారదు. ల్యాప్‌టాప్‌లో ఎఫ్9 పనిచేయకపోతే ఎఫ్ఎన్ కలిపి నొక్కండి.

బాణాలు

ట్రేస్ ప్రెసెడెంట్స్, ట్రేస్ డిపెండెంట్స్. నీలం బాణాలు గీసి ఏ సెల్ ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో చూపిస్తాయి. డెమోలో భలే ఉంటాయి. నిజం షీటులో అయిదారు సెల్స్‌కు గీసేసరికి ఏ బాణం ఎటు పోతోందో తెలియదు. వేరే షీటు నుంచి వస్తే నల్ల చుక్కల గీత, చిన్న షీటు బొమ్మ, అంతే. దాని మీద డబుల్ క్లిక్ చేయాలని ఎవరికి తోస్తుంది? కంట్రోల్ పట్టుకుని ఎడమ స్క్వేర్ బ్రాకెట్ నొక్కితే నేరుగా మూలం సెల్స్‌కు తీసుకెళ్తుంది. నాకు అది చాలు. ఒక్క సందర్భంలో మాత్రం బాణాలు బాగా పనికొచ్చాయి: కమీషన్ శాతం ఉన్న ఒకే ఒక్క సెల్‌కు డిపెండెంట్స్ గీస్తే, కాలమ్‌లో మొదటి వరుసకే బాణం వెళ్లింది. మిగతావి దాని కింది ఖాళీ సెల్స్‌ను చూస్తున్నాయి. డాలర్ గుర్తులు పెట్టకుండా ఫార్ములా కిందికి లాగితే జరిగేది అదే. సెల్ పేరు మీద కర్సర్ ఉంచి ఎఫ్4 కొడితే డాలర్లు పడతాయి.

వాచ్ విండో కూడా ఉంది. నాకు పెద్దగా పనికిరాలేదు.

గో టు స్పెషల్

దీన్ని ఆడిటింగ్ గ్రూపులో ఎందుకు పెట్టలేదో మైక్రోసాఫ్ట్ వాళ్లకే తెలియాలి. ఎఫ్5 కొట్టి ‘స్పెషల్’ నొక్కి ‘కాన్‌స్టంట్స్’ ఎంచుకుంటే, ఫార్ములా కాకుండా చేత్తో కొట్టిన అంకెలున్న సెల్స్ అన్నీ సెలెక్ట్ అవుతాయి.

పాత గుమాస్తా వదిలిపోయిన షీటు ఒకటి నా చేతికి వచ్చింది. బాకీ కాలమ్ మొత్తం ఫార్ములాలే అని ఆయన మాట. దాన్ని సెలెక్ట్ చేసి కాన్‌స్టంట్స్ అంటే, ఒక్క సెల్ కూడా తగలకూడదు. మధ్యమధ్య చాలానే తగిలాయి. రైతుతో మాట్లాడుకుని గుండు లెక్కకు తెచ్చినప్పుడల్లా ఫార్ములా మీదే అంకె కొట్టేశాడు. ఆ రోజుకు అది సరైన అంకే. తర్వాత అడ్వాన్సు పెరిగినా, వడ్డీ పెరిగినా ఆ సెల్స్ కదల్లేదు. మామూలు రేంజ్‌లో ఆకుపచ్చ త్రికోణం దీన్ని పట్టదు. అది పక్క ఫార్ములాలతో పొసగని ఫార్ములాను చూపిస్తుంది కానీ, ఫార్ములాల మధ్య కూర్చున్న ఉత్త అంకెను అడగదు. అదే డేటాను కంట్రోల్ టి కొట్టి టేబుల్‌గా మారిస్తే మాత్రం చూపిస్తుంది.

టేబుల్‌కు ఇంకో లాభం: కింద కొత్త వరుస చేరిస్తే మొత్తం తానే సాగుతుంది. మామూలు సమ్ ఒకసారి సాగుతుంది, ఒకసారి సాగదు. రేంజ్ పొట్టిగా ఉండిపోవడం మన దుకాణాల్లోనే జరుగుతుందనుకోకండి. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు 2010లో దేశాల అప్పు గురించి ఒక పత్రం రాశారు, ప్రభుత్వాలు దాన్ని చూపించి ఖర్చులు తగ్గించుకోవాలని వాదించాయి. వాళ్ల షీటులో సగటు ఫార్ములా 30వ వరుస నుంచి 49 దాకా ఉండాల్సింది 44 దగ్గరే ఆగింది, అయిదు దేశాలు బయటే ఉండిపోయాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి ఆ షీటు తెప్పించుకుని బయటపెట్టాడు. అది కాక ఇంకా లోపాలు కూడా చూపించాడనుకోండి.

టూల్ లేని చోట్లు

కొన్ని తప్పులు ఫార్ములాలో ఉండవు, అందుకే ఫార్ములా ఆడిటింగ్‌కు దొరకవు. అసలు కడుపుమంట ఇక్కడే.

మొదటిది తారీఖులు. అడ్వాన్సు ఇచ్చిన తేదీ నుంచి వడ్డీ రోజులు లెక్కకట్టాలి. ఒక కంప్యూటర్‌లో విండోస్ తేదీ అమెరికా పద్ధతిలో, అంటే ముందు నెల, తర్వాత రోజు అని పెట్టి ఉంది. 03/02/2025 అని కొడితే అది ఫిబ్రవరి 3 కాదు, మార్చి 2 అయింది. 27 రోజులు ఎగిరిపోయాయి. లక్ష రూపాయలకు నూటికి రెండు చొప్పున రూ.1,800 తేడా. 13/02/2025 కొడితే 13వ నెల లేదు కనుక అది టెక్స్ట్‌గా మిగిలింది. అంటే నెలలో 12వ తేదీ దాకా తప్పు తేదీలు, ఆ తర్వాత తేదీయే కానివి. మొదటి సగం చప్పుడు చేయదు. ఏ బటన్ నొక్కినా ‘అంతా బాగుంది’ అంటుంది ఎక్సెల్, ఎందుకంటే దాని లెక్క ప్రకారం అది చక్కటి తేదీనే. కాలమ్ ఫార్మాట్‌ను నెల పేరు కనిపించేలా మార్చి చూస్తేనే దొరుకుతుంది. నేను ఇప్పుడు ఏ షీటు చేతికొచ్చినా ముందు చేసే పని అదే.

రెండోది మాన్యువల్ క్యాలిక్యులేషన్. ధర మార్చినా మొత్తం మారదు, ఫార్ములా చూస్తే తప్పు లేదు, మనుషులకు పిచ్చెక్కుతుంది. ఎవరో పెద్ద ఫైల్ నెమ్మదిగా ఉందని క్యాలిక్యులేషన్‌ను మాన్యువల్‌లో పెట్టి సేవ్ చేశారు. ఆ సెట్టింగ్ ఆ ఒక్క ఫైల్‌కే ఉండిపోదు. ఎక్సెల్ తెరవగానే మొదట ఏ ఫైల్ తెరుస్తామో దాని సెట్టింగే తర్వాత తెరిచిన అన్నింటికీ వర్తిస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పక్క దుకాణం ఫైల్ తెచ్చి ముందుగా తెరిచారా, ఇక ఆ రోజంతా మీ తక్‌పట్టీలు కూడా కదలవు. “అక్కా, ఎక్సెల్ కరాబైంది” అని దుకాణంలో కుర్రాడి నుంచి ఫోన్ వస్తే నేను ముందు అడిగేది కింద ఎడమ మూలన ‘క్యాలిక్యులేట్’ అని పడిందా అనే. పడితే ఫార్ములాస్ ట్యాబ్‌లో ఆటోమేటిక్ పెట్టమంటాను. ఎఫ్9 కొడితే అప్పటికి సరిపోతుంది కానీ రోగం అలాగే ఉంటుంది.

మూడోది ఫిల్టర్. తేజ రకం మాత్రమే ఫిల్టర్ చేసి కింద మొత్తం చూస్తారు. అక్కడున్నది మామూలు సమ్ అయితే కనపడని వండర్ హాట్, చపాటా లాట్లు కూడా కలిపేసి చెబుతుంది. సబ్‌టోటల్ ఫంక్షన్‌లో 9 పెడితే ఫిల్టర్‌లో కనపడేవే కలుస్తాయి. చేత్తో హైడ్ చేసిన వరుసల్ని కూడా వదిలేయాలంటే 109. ఫిల్టర్ పెట్టి ఉండగా ఆటోసమ్ నొక్కితే ఎక్సెల్ తానే సబ్‌టోటల్ రాస్తుంది, ఆ తెలివిని మాత్రం మెచ్చుకోవాలి.

నాలుగోది పైసలు. సెల్‌లో రెండు దశాంశాలే కనపడతాయి, లోపల ఇంకా ఉంటాయి. కనపడే అంకెలు చేత్తో కూడితే ఒకటి, ఎక్సెల్ చెప్పేది ఇంకొకటి. ప్రతి వరుసలో రౌండ్ ఫంక్షన్ పెట్టడమే మందు. ఆప్షన్స్‌లో ‘సెట్ ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్’ అని ఒకటి ఉంది, దాని జోలికి పోకండి, లోపలి దశాంశాలను తిరిగిరాకుండా కోసేస్తుంది. ఇంకో వింత కావాలంటే ఖాళీ సెల్‌లో 1 ఇంటూ, బ్రాకెట్‌లో 0.5 మైనస్ 0.4 మైనస్ 0.1 అని కొట్టండి. సున్నా రాదు. సున్నాకు అతి దగ్గరగా ఒక మైనస్ అంకె వస్తుంది. కంప్యూటర్ దశాంశాల్ని రెండంకెల పద్ధతిలో దాచుకుంటుంది, 0.1 దానికి నికరంగా ఒదగదు. ఇది ఎక్సెల్ ఒక్కదాని జబ్బు కాదు. కానీ ‘బాకీ సున్నా అయితే క్లియర్ అని చూపించు’ అనే ఫార్ములా క్లియర్ అననప్పుడు కారణం తరచూ ఇదే.

ఖాతా నంబర్ల గురించి కూడా ఒక మాట. ఎక్సెల్ 15 అంకెల దాకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును ఉత్తినే కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. అలా పెట్టినా కౌంట్‌ఇఫ్‌తో డూప్లికేట్లు వెతికితే అది వాటిని మళ్లీ అంకెలుగానే చూసి, చివర్లో మాత్రమే తేడా ఉన్న రెండు ఖాతాల్ని ఒకటే అంటుంది. డబ్బు పంపే షీటులో ఇది తెలియకపోతే టెన్షన్ తప్పదు.

లిబ్రెఆఫీస్ కాల్క్ సంగతి

ఇంట్లో వాడేది ఇదే కాబట్టి పోల్చకుండా ఉండలేను. బాణాలు ఇందులోనూ ఉన్నాయి, టూల్స్ మెనూలో డిటెక్టివ్ అనే పేరుతో. పాతకాలపు ముఖం, పెద్ద ఫైల్ అయితే మూలుగుతుంది. కానీ కంట్రోల్ ఎఫ్8 అనే ఒక్క షార్ట్‌కట్ కోసం దీన్ని ప్రతి కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. అది నొక్కగానే షీటులో టెక్స్ట్ అంతా నలుపు, అంకెలు నీలం, ఫార్ములాలు ఆకుపచ్చ రంగులోకి మారతాయి. పైన చెప్పిన టెక్స్ట్ తూకాలు, ఫార్ములాల మధ్య చేత్తో కొట్టిన బాకీలు, తేదీ కాని తేదీలు, అన్నీ ఒక్క చూపులో బయటపడతాయి. కనపడని స్పేస్ ఉన్నా నలుపే, సెంటర్ చేసి పెట్టినా నలుపే. ఇన్నేళ్లుగా డబ్బు తీసుకుంటున్న ఎక్సెల్‌లో ఇలాంటిది లేకపోవడం అన్యాయం. తెలియని షీటు ఏది వచ్చినా నేను ముందు కాల్క్‌లో తెరిచి రంగులు చూస్తాను, దిద్దే పని మాత్రం ఎక్సెల్‌లోనే చేస్తాను.

ఈ మధ్య పిల్లలు ఫార్ములాను ఏఐకి పెట్టి ‘ఎందుకు తప్పొస్తోంది’ అని అడుగుతున్నారు. బ్రాకెట్లు, వి-లుకప్ నాలుగో మాట లాంటివి అది బాగానే చెబుతుంది. కానీ ఫార్ములా ఒక్కటే ఇస్తే సెల్‌లో దాగిన స్పేస్, తిరగబడిన తేదీ దానికెలా తెలుస్తాయి?

మార్కులు

అయిదుకు స్టేటస్ బార్ న్యూమరికల్ కౌంట్ 5, గో టు స్పెషల్ 5, ఆకుపచ్చ త్రికోణం 4, ఎవాల్యుయేట్ ఫార్ములా 3.5, బాణాలు 2. కాల్క్ రంగులకు 5, మిగతా కాల్క్‌కు 3.

ఎక్సెల్‌లో నాకు ఇంకా కావాల్సింది ఒకటుంది. ఆ పాత గుమాస్తా షీట్లు ఎలా నడిపినా, చేతి లెక్కల్లో దిట్ట. రెండు మొత్తాలకు తేడా వస్తే ముందు ఆ తేడాను సగం చేసి, ఆ అంకె ఎక్కడైనా ఉందా అని చూసేవాడు. ఉంటే తీసేయాల్సింది కలిపారని అర్థం. పైన దడువాయి కూలి 150 తప్పులో తేడా 300, అచ్చంగా రెట్టింపు. తర్వాత తేడాను తొమ్మిదితో భాగించేవాడు. శేషం లేకుండా పోతే, ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమో చూడమనేవాడు: 73,410 బదులు 74,310 కొడితే తేడా 900. ఇది ఎక్సెల్‌లో బటన్‌గా లేదు కాబట్టి తేడా సెల్ పక్కనే మాడ్ ఫంక్షన్‌తో నేనే పెట్టుకున్నాను, తొమ్మిదితో భాగిస్తే శేషం సున్నా వచ్చినప్పుడు సెల్ పసుపు రంగు అవుతుంది. తేడానే లేనప్పుడు కూడా సున్నాయే వస్తుంది కాబట్టి, ముందు తేడా ఉందో లేదో చూసేలా ఇఫ్ కూడా కలపాలి.